బొమ్మలో మూసిన గేటు

బక్‌బ్రష్ వాగు, మోంటానా
ఆగస్టు 21, మంగళవారం పొద్దున్న

చిరంజీవి మెర్నాకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నా ముసలి ట్రక్కూ ఇంకా తిరుగుతూనే ఉన్నాం, ఒంట్లో ఇద్దరికీ కులాసాయే. అక్కడ నువ్వు, అల్లుడు, ఈ ఏటి దూడలు అంతా బాగున్నారని తలుస్తాను. కులాసా అని రాశానే గానీ, ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది మూడోసారి. మొదటి రెండూ పొయ్యిలోకి పోయాయి. దీన్ని పోనివ్వను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. రేడియేటరు కారడం ఆగింది. ఈ ఇంటి అబ్బాయి క్లేటన్ అతుకు వేసి, "ఇక ఇది మీకంటే ముందు పోదులెండి" అన్నాడు. మోకాలు పొద్దున్నపూట సతాయిస్తుంది, మధ్యాహ్నానికి దారికొస్తుంది. తిండి సంగతంటావా, వండేది నేనే కాబట్టి తిట్టుకోవడానికి ఎవరూ లేరు. క్లేటనూ వాళ్ల నాన్న ఆర్విల్ గారూ ఇద్దరే ఉండే ఇల్లు. వంట చేసిపెడితే పనివాళ్ల గది నాకిస్తామన్నారు. క్లేటన్‌కు యాభై దాటినా పెళ్లి లేదు. పెద్దాయనకు ఎనభై నిండబోతున్నాయి. నాకు అరవై వచ్చినా నన్ను "అమ్మాయ్" అనే పిలుస్తాడు. వినడానికి బాగానే ఉంటుందిలే.

"ఊరూరా తిరిగి ఆ కూలిపోయే కొట్టాల్లో ఏం వెతుకుతున్నావమ్మా" అని ఎగతాళి చేశావు. వెతకడం కాదే తల్లీ. ముప్పయ్యైదేళ్లు మన కొట్టంలోకి వెళ్లానా, ఒక్కనాడైనా దాన్ని నిలబడి చూశానా? పాల బకెట్టుతో వెళ్లడం, పురిటి ఆవుకోసం మోకాళ్లలోతు పేడలో కూర్చోవడం, అంతే. మీ నాన్న పోయి, మందను నీ చేతికి అప్పగించాక, మొదటిసారి రోడ్డు మీద ట్రక్కు ఆపి ఒక పాత గోడను చూశాను. ఎవరూ వేయని రంగులు ఉన్నాయి దాని మీద. అప్పట్నించి ఆ గోడలే నన్ను నడిపిస్తున్నాయి. పొద్దున్నే మందను తోలుకుపోయే గుర్రాల చప్పుడు వింటే చాలు, కుంచె పట్టుకోవాలని చెయ్యి లాగుతుంది. నా బొమ్మల్లో పనికొచ్చేవన్నీ ఇలాంటి ఇళ్లలో దొరికినవే.

ఇంటికి నాలుగు మైళ్ల అవతల, బీడు మధ్యలో ఉన్న కొట్టాన్ని ఆర్విల్ గారి నాన్న కట్టాడు. రంగు వేసి అరవై ఏళ్లట. దూరం నుంచి బూడిద రంగే అనుకుంటావు. దగ్గరికెళితే మేకు మేకు కిందా తుప్పు చారలు, చూరు కింద వాన తగలని జానెడు మేర పాత ఎరుపు, ఆవులు ఒళ్లు రుద్దుకుని నున్నగా చేసిన మూల. తలుపు లోపలి వైపు, ఏ ఏడు మొదటి మంచు ఏ తేదీన పడిందో పెన్సిలుతో రాసుకున్నారు. పై వరసలు తండ్రివి, కింది వరసలు కొడుకువి. పక్కనే గాలిమర, దాని కింద నీళ్ల తొట్టి, చుట్టూ కర్రల దొడ్డి. ఈ కరువేడు ఆ బీడంతటికీ నీళ్లు ఆ తొట్టిలోనే ఉన్నాయి. ఆ సంగతి గుర్తుపెట్టుకో.

ఇక ఇక్కడి కబురు మంచిది కాదు. ఆర్విల్ గారిని ఈ శనివారం టౌనుకు పంపించేస్తున్నారు. ముసలివాళ్లను చూసుకునే ఇల్లొకటుంది, అందులో గది మాట్లాడాడు క్లేటన్. మతిమరుపు ముదిరిందని. పొయ్యి మీద కాఫీ పెట్టి మరిచిపోవడం, కళ్లజోడు గుర్రాల గడ్డిలో దొరకడం, అలాంటివి ఇదివరకే ఉన్నాయి. కానీ పంపేది వాటికి కాదు. రెండు వారాల కిందట తొట్టి దొడ్డికి ఉన్న గేటు మూసి ఉండిపోయింది. మూడు రోజులు. ఆవులు నీళ్ల వాసన పట్టుకుని కంచె పొడుగునా నిలబడి, అక్కడే పడిపోయాయి. ఆరు ఆవులు, నాలుగు దూడలు. ఆ మంగళవారం పొద్దున్న తొట్టి చూసొచ్చింది ఆర్విల్ గారే. అందుకని ఆయనే మూసి మరిచిపోయాడని అందరూ అనుకున్నారు. ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

ట్రక్కు తాళాలు ఆయన తనంతట తనే తీసి బల్ల మీద పెట్టాడు మెర్నా. కొడుకు అడగనైనా లేదు.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. "ఏ బొమ్మయినా ఇంటివాళ్లకు చూపించాకే పంపేదానివి, ఈ కొట్టం బొమ్మ రంగు ఆరకముందే పోస్టులో వేశావేం?" అన్నావు. దాన్ని వంటింట్లో తగిలించానన్నావు. చూసినవాళ్లంతా ఆ గేటు దగ్గరే ఆగిపోతున్నారనీ, కొట్టం ముందు అడ్డంగా మూసిన గేటే ఆ బొమ్మకు ప్రాణమనీ రాశావు. ఆ వాక్యం చదివాక అన్నం సయించలేదు నాకు.

ఆ గేటు మూసింది నేనే.

ఆ మంగళవారం మధ్యాహ్నం ట్రక్కును దొడ్డి బయట ఆపి, బల్ల వేసుకుని కూర్చున్నాను. ఆవులు నీళ్లు తాగి అవతలి లోయలోకి మేతకు వెళ్లిపోయాయి. గేటు బార్లా తెరిచి గడ్డిలో వాలిపోయి ఉంది. బొమ్మలో కొట్టం ముందు బోసిగా అనిపించింది. కన్ను ఆగడానికి అక్కడొక అడ్డగీత ఉంటే బాగుండును అనుకున్నాను. లేచి వెళ్లి, గేటును గడ్డిలోంచి ఎత్తి, లాక్కొచ్చి మూసి, గొలుసు వేశాను. బొమ్మ కోసం, మెర్నా. కుదిరింది కూడా. గంటల తరబడి ఒళ్లు తెలియకుండా వేశాను. సాయంత్రానికి పడమట ఉరుములు మొదలై, వాన లేని మెరుపులు కొండ మీద పడుతుంటే, సామాను ట్రక్కులో పడేసి వచ్చేశాను. గేటు నాకు అడ్డం కాదు కదా, దాని ఊసే రాలేదు.

శుక్రవారం నాడు భోజనానికి కూర్చున్నాం. క్లేటన్ టోపీ తీయకుండానే లోపలికొచ్చాడు.

"తొట్టి దగ్గర గేటు మూసుంది నాన్నా. ఆవులు పోయాయి."

"మూసుందా? ఎవడు మూశాడు?"

"మంగళవారం వెళ్లింది నువ్వే కదా."

పెద్దాయన చెంచా కింద పెట్టాడు. "వెళ్లాను. తొట్టి నిండుగానే ఉంది. గేటు... గేటు నేనేం చేశానబ్బా."

క్లేటన్ నావైపు తిరిగాడు. "లొరేటా గారూ, ఆ మధ్యాహ్నం మీరక్కడే బొమ్మ వేశారుగా. మీరెళ్లేసరికి గేటెలా ఉంది?"

నేను నోరు తెరిచేలోపు పెద్దాయన కసిరాడు. "ఆవిణ్ణి అడుగుతావేంట్రా? మనలాగే పశువుల్లో బతికిన మనిషి. టౌను నుంచి ఊడిపడిందా గేట్లు ముట్టుకోడానికి?"

అప్పుడైనా చెప్పొచ్చు. "నేను గమనించలేదు బాబూ" అన్నాను. అని, చిక్కుడు గింజల గిన్నె ఆయన వైపు జరిపాను. మర్నాడు పోస్టాఫీసుకు వెళ్లి బొమ్మ నీకు పంపేశాను. ఇక్కడుంటే వాళ్లు చూస్తారని.

తెరిచి ఉన్న గేటును ముట్టుకోకుండా వచ్చిన సంగతి ఎవరికి మాత్రం గుర్తుంటుంది? చెయ్యని పనికి గుర్తేముంటుంది? ఆ చిన్న సందులోనే ఆయన ఇరుక్కుపోయాడు. నేను పక్కనే కూర్చుని, రోజుకు మూడుపూటలా ఆయనకు వడ్డిస్తూ, ఆ సందు కప్పేస్తూ వచ్చాను. తప్పు చేసినందుకు ఇంత సిగ్గు లేదు. ఆవులు చావడం ఘోరమే, కానీ అది మరుపు. ఈ పదకొండు రోజులూ మరుపు కాదు.

నిన్న ఆయన వాకిట్లో కూర్చుని అడిగాడు. "అమ్మాయ్, ఆ కొట్టం బొమ్మ నాకిస్తావా? ఆ గదిలో కిటికీ ఉందిగానీ, తీస్తే ఎదురింటి గోడ కనబడుతుందట. పాత గోడే చూడాలంటే మా నాన్న కట్టింది చూసుకుంటాను." "పంపించేశానండీ, తెప్పిస్తాను" అని లోపలికి పారిపోయాను.

నీకు పద్నాలుగేళ్లప్పుడు మన పక్క మెల్లెట్ వాళ్ల సరిహద్దు గేటు తెరిచి వదిలేశావు, గుర్తుందా? మన ఆబోతు వెళ్లి వాళ్ల పెయ్యల్లో పడింది. "ఫోన్ చేసి చెబుతానమ్మా" అని ఏడ్చావు. "ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాట తీగలో పంపిస్తావా" అని, అన్నం కూడా పెట్టకుండా మూడు మైళ్లు నడిపించాను. చెప్పొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా పడుకున్నావు. మంచి పని చేశానని మీ నాన్నతో గొప్పగా చెప్పుకున్నాను.

ఇప్పుడు నేనేం చేస్తున్నాను? ఆయనతో చెప్పాల్సింది నీకు కాగితం మీద చెబుతున్నాను. ఆయన ఇక్కడే, ఇరవై అడుగుల దూరంలో వాకిట్లో ఉన్నాడు. కుక్కకు రొట్టె తుంచి పెడుతున్నాడు. ఈ ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను.

పన్నెండున్నర అయింది. చెప్పేశాను.

ఎలా చెప్పాలో దారంతా అనుకుని వెళ్లాను. దారంటే ఇరవై అడుగులే. ఒక్కటీ నోట రాలేదు. "ఆ గేటు నేను మూశాను. బొమ్మ బాగుంటుందని మూశాను. తెరవడం మరిచిపోయాను. ఆ రోజు అబద్ధం చెప్పాను" అని నాలుగు ముక్కలు అన్నాను.

ఆయన మిగిలిన రొట్టె కుక్క ముందు పెట్టి, దాని తల నిమిరాడు.

"అయితే నేను తెరిచే ఉంచానన్నమాట."

"తెరిచే ఉంచారండీ."

"మొదటి మంచు. ముప్పయి ఒకటో సంవత్సరం, అక్టోబరు మూడు. ముప్పయి రెండు, సెప్టెంబరు ఇరవై ఆరు. ముప్పయి మూడు, అక్టోబరు తొమ్మిది." ఆగాడు. "పదకొండు రోజుల్నించి లేవగానే ఆ తలుపు మీదున్నవన్నీ వరసగా చెప్పుకుంటున్నాను. ఒక్కటి తప్పినా ఇక లాభం లేదు, నోరు మూసుకుని టౌనుకి పోదామని. ఒక్కటీ తప్పలేదు. తప్పకపోతే మరి గేటెందుకు గుర్తులేదురా ముసలోడా అని నన్ను నేనే తిట్టుకుని చచ్చాను."

నేను ఏడ్చాను. "ఆపు" అన్నాడు. కోపంగానే అన్నాడు. "నువ్వేడిస్తే ఇప్పుడు నేను ఓదార్చాలా?" ఆపేశాను.

ఆయన లేచి, కర్ర లేకుండా, పనిముట్ల కొట్టు ముందు ట్రాక్టరు నాగలి విప్పుతున్న క్లేటన్ దగ్గరికి వెళ్లాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో వినబడలేదు. క్లేటన్ వంటింట్లోకి వచ్చి, బల్ల మీదున్న ట్రక్కు తాళాలు తీసి తండ్రి చేతిలో పెట్టాడు. నావైపు చూడలేదు. "చద్ది ఏదో మేమే తింటాంలెండి" అని మాత్రం అన్నాడు. అంటే వెళ్లమని. సామాను సర్దేశాను. గంట కూడా పట్టలేదు, నాకున్నదెంత.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. ఆ బొమ్మ వంటింట్లోంచి తీసి, ఆర్విల్ లిండ్‌క్విస్ట్, బక్‌బ్రష్ వాగు, అని రాసి పంపించు. గేటును చెరిపి తెరిచినట్టు వేసిస్తానన్నాను. "వద్దు, అలాగే పంపు" అన్నాడాయన. ఆ బొమ్మను ఇంట్లోనే తగిలిస్తాడట. ఇక టౌను మాట లేదు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ట్రక్కు ఎక్కి కదలబోతుంటే ఆయన వాకిట్లోంచి కేకేశాడు. క్షమించానంటాడేమో అనుకుని అద్దం దించాను. మన ఇళ్లల్లో టౌనువాళ్లు వచ్చి వెళ్తుంటే ఒక మాట అంటాం, మనవాళ్లతో ఎప్పుడూ అనం, వాళ్లకు చెప్పక్కర్లేదు కాబట్టి. నువ్వూ నేనూ ఎన్నిసార్లు అన్నామో ఆ మాట.

"పోయేటప్పుడు గేటు ఎలా ఉందో అలాగే ఉంచి పోమ్మా" అన్నాడు.

"అలాగేనండీ" అన్నాను. తెరిచి ఉంది. తెరిచే ఉంచి వచ్చాను.

ఈ ఉత్తరం టౌనులో పోస్టాఫీసు మెట్ల మీద ముగిస్తున్నాను. వచ్చే వారానికి ఇల్లు చేరతాను. నన్ను ఏమీ అనకుండా ఉండకు మెర్నా. అను.

ఇట్లు,
నిన్ను ఆ రోజు మెల్లెట్ వాళ్లింటికి నడిపించిన
మీ అమ్మ