దిబ్బ పరిశోధనలపై ఒక దర్జీ అభ్యంతరాలు

పురావస్తు రక్షణ శాఖ అధికారిగారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: ఊరి వెనక దిబ్బ మీద మా నాన్న సమాధి పక్కన మా అమ్మకు చోటు నిరాకరించుట, అందుకు తాము జతపరచిన పరిశోధనలపై అభ్యంతరములు.

నేను బజారు వీధిలో బట్టలు కుట్టుకునేవాడిని. తమ కంచె పడకముందు మా నాన్నను దిబ్బ మీదే పూడ్చాము. ఇప్పుడు అమ్మకు జబ్బు ముదిరింది. డాక్టరుగారు ఇంటికి తీసుకుపొమ్మన్నారు గనుక ముందుగానే అనుమతి కోరితిని. దిబ్బ ప్రాచీన శ్మశానమనీ, ఇకమీదట గడ్డపార తగలరాదనీ తాము సెలవిచ్చి, నాలుగు వ్యాసాలు పంపి, "అభ్యంతరములున్నచో సదరు పరిశోధనలను విమర్శనాత్మకంగా పరిశీలించి తెలుపవలెను" అని ఆదేశించితిరి. ఆజ్ఞ శిరసావహించి, కుట్టుమిషను మూలకు నెట్టి, అమ్మ మంచం పక్కన కూర్చుని నాలుగూ చదివాను. దీన్ని భూదృశ్య పురావస్తుశాస్త్రం అంటారట. కొండనూ వాగునూ దారినీ చూసి పాతవాళ్ళ బతుకు చెప్పడమట. నా పరిశీలన మనవి చేయుచున్నాను.

1. మొదటి పండితుడు దిబ్బ మీది పెద్ద రాళ్ళు చూసి, ఇన్ని రాళ్ళు మోయించాలంటే పైన ఒక రాజు ఉండి తీరాలన్నారు. మా నాన్నను వీధివాళ్ళంతా భుజాలు మార్చుకుంటూ మోశారు. ఏ రాజూ చెప్పలేదు.

2. రెండవవారు దిబ్బను కంప్యూటరుకెక్కించి, అక్కడి నుంచి లోయంతా కనబడుతుంది గనుక అది కాపలా స్థలమన్నారు. ఆనాటి చెట్లను లెక్కలోకి తీసుకోలేదని అడుగున చిన్న అక్షరాలతో ఒప్పుకున్నారు. నేను కోటు కుట్టి, "చేతులు లెక్కలోకి తీసుకోలేదు" అని చీటీ పెడితే గిరాకీ ఊరుకుంటాడా? అయినా కాపలా కాసింది ఎవరండీ, పోయినవాళ్ళా?

3. మూడవ ఆవిడ దిబ్బెక్కి, కళ్ళు మూసుకుని నిలబడగా ప్రాచీనుల దుఃఖం అరికాళ్ళలోంచి పైకి పాకిందని పేజీలకు పేజీలు రాశారు. ఆవిడ ఏడ్చిన మాట నిజమే అయి ఉంటుంది. ఆ చోటు ఫొటో కూడా వేశారు. అది మా నాన్న సమాధి. ఆ దుఃఖం ప్రాచీనులది కాదు, మా అమ్మది.

4. నాలుగవవారు పై ముగ్గురినీ ఉతికి ఆరేసి, మరిన్ని పరిశోధనలు అవసరమన్నారు. అయితే ఒక్క మంచి మాట రాశారు: తరం వెంట తరం తమవాళ్ళను తమవాళ్ళ పక్కనే పూడ్చుకోవడమే ఈ దిబ్బకు ప్రాణమట. తాము ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, ఆ ప్రాణాన్ని కాపాడుటకే పూడ్చడం నిషేధించితిరి. ఊపిరి పోకుండా ముక్కు మూసినట్టుంది.

5. తమ గుమాస్తాగారిని కలిస్తే, "ఇంకా బతికే ఉన్నారు కదా, తొందరేముంది?" అన్నారు.

6. ఇదంతా అమ్మకు చదివి వినిపించాను.

"ఒరేయ్, ఎప్పుడో పోయినవాళ్ళ మీద ఇంత రాశారు కదా, మీ నాన్న పక్కన నన్ను పెట్టమని ఒక్క ముక్క రాయడానికి వాళ్ళకేం రోగం?" అంది.

"అడుగుతున్నానమ్మా."

"అడుగు. కాస్త త్వరగా అడుగు నాయనా, నేను ఆట్టే ఆగలేను."

అయ్యా, నాకు భయంగా ఉంది.

కావున, మరో రెండు వేల ఏళ్ళు ఆగి ప్రాచీనురాలయ్యే ఓపిక మా అమ్మకు లేనందున, ఆరడుగుల చోటు ఇప్పించ ప్రార్థన. ఇంతమాత్రం చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బజారు వీధి దర్జీ

తా.క.: ఇది కవరులో పెడుతుండగా అమ్మ పోయింది. ఇక అనుమతి అడగడం లేదు. రేపు పొద్దున్నే దిబ్బ మీదికి తీసుకెళ్తున్నాం. కంచె తాళం నేనే పగలగొడతాను, కేసు పెట్టుకోండి. తమ పండితులకు కబురు చేయండి, తమరూ రండి. వచ్చి ఎవరూ ఏమీ రాసుకోనక్కర్లేదు. తలా పిడికెడు మట్టి వేస్తే చాలు.