ఆయన నుదుటి మీద నా బొటనవేలు

భోపాల్,
ఆదివారం

అన్నయ్యకి,

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది, మనసే కుదురుగా లేదు. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? నాన్నగారు వేళకి మందులు వేసుకుంటున్నారా? ఫోన్లో చెబితే సగంలోనే తిడతావని కాగితం మీద రాస్తున్నాను. పూర్తిగా చదివి అప్పుడు తిట్టు.

చలి తగ్గింది. పొద్దున అటుకులు, రాత్రి రొట్టెలు. అన్నం వండుకునే ఓపిక ఆదివారమే. పక్కగది వాళ్ళు మంచివాళ్ళే గానీ, గదికొస్తే తెలుగులో పోట్లాడే మనిషి లేక నోరు కట్టేసినట్టుంది. తిండి మానడం లేదని అమ్మకి చెప్పు.

మా విగ్రహాల షెడ్డుకి ఒక కాలేజీ ఆర్డరు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక దేశాన్ని నిలబెట్టిన పెద్దలవి నాలుగు విగ్రహాలు. మట్టిపని నాది. మొహం పట్టుబడాలని వాళ్ళ గురించి చదివాను. ఒకాయనకి రోజూ ప్రార్థన ఉండాల్సిందే. ఒకాయన నమాజు చదివే పండితుడు. ఒకాయన పుట్టిన మతం వదిలి వేరే దారి పట్టాడు. నాలుగో ఆయన పూజలకీ తంతులకీ దూరంగా బతికాడు. ఇంత తేడా పెట్టుకుని ఒకే దేశం కోసం పనిచేశారంటే నాకు భలే ముచ్చటేసింది.

ఆ నాలుగో ఆయన దగ్గరే నేను పొరపాటు చేశాను. మన ఇంట్లో నాన్నగారు చేసే దేవుడి విగ్రహానికి కళ్ళు దిద్దే ముందు నుదుట బొట్టు పెట్టి దండం పెట్టుకుంటాం కదా! అలవాటు కొద్దీ కుంకుమ అద్దుకున్న బొటనవేలిని పచ్చిమట్టి మీద నొక్కేశాను. కుంకుమ తుడిచాను గానీ గుంట చూసుకోలేదు. అచ్చు తీశారు, ఫైబర్ పోశారు, గుంట అలాగే వచ్చింది.

కాలేజీ వాళ్ళు చూసి మురిసిపోయారు. ఈయన కూడా భక్తుడేనన్నమాట, అందులో ఎర్రరంగు నింపండి అన్నారు. అది నా వేలిముద్ర అని చెప్పబోతే ఓనరు నోరు మూసుకోమన్నాడు. నన్ను ఇక్కడ పనిలో పెట్టిన తుని మేస్త్రీ వీర్రాజుగారూ అంతే.

"ఏంటమ్మాయ్ నీ గోల? బొట్టేగా, బూతు కాదుగా! వాళ్ళు సంతోషపడుతుంటే నీకేం పోయింది?"

"పోయింది నాది కాదండి, ఆయనదండి" అన్నాను.

అప్పట్నుంచి కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే నడవబుద్ధి. దీపం పెట్టకుండా నేను కాఫీ కూడా తాగనని నీకు తెలుసు. అందుకే నాకు మరీ రోషం. రేపెవరైనా నా బొట్టు చెరిపేసి, ఈవిడకి దేవుడంటే నమ్మకం లేదని ఊరంతా చెబితే ఊరుకుంటానా? ఆయన మాత్రం ఎందుకు ఊరుకోవాలి? పాపం, నోరు లేదు కాబట్టి!

ఇవాళ పొద్దున షెడ్డుకి వెళ్ళి ఆ గుంటలో లప్పం పెట్టి, ఆరాక ఎమరీ పేపరుతో రుద్ది, రంగు కలిపేశాను. మధ్యాహ్నం లారీ వచ్చి విగ్రహాలని తీసుకెళ్ళింది. దాచడం చేతకాక ఓనరుకి నేనే ఫోన్ చేసి చెప్పాను. రేపట్నుంచి రావద్దన్నాడు.

కంగారు పడకు. ఇక్కడ ఇంకో రెండు షెడ్లున్నాయి, అడుగుతాను. మట్టి దిద్దడానికి నాన్నగారు చెక్కిన వెదురుపుల్లలు కొరియర్లో పంపు. ఎవరైనా అన్నవరం వెళ్తే ప్రసాదం పొట్లం కూడా అందులో పెట్టు.

అమ్మకీ నాన్నగారికీ నా నమస్కారాలు, వాళ్ళ దీవెన నాకిప్పుడు కావాలి. వదినని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు. నాన్నగారికి మాత్రం పని పోయిందని ముందు చెప్పకు. ఎందుకు పోయిందో ముందు చెప్పు.

నీ చెల్లెలు,
సత్య