పంపు దగ్గరి తుంగను పీకొద్దు

నాయనా,

నేను బడికి ముందే వెళ్తున్నాను. పంపు పక్కన, పైభాగం కోసిన నీళ్ల క్యానులో ఉన్న తుంగను పీకొద్దు. అది కలుపు కాదు, నా ప్రాజెక్టు. సాయంత్రం నాలుగింటికి సైన్సు మేడమ్ చూడటానికి వస్తారు. నచ్చితే చిత్తూరు ప్రదర్శనకు నన్నే పంపుతారట.

మొన్న నువ్వు అలవాటుకొద్దీ పీకి మేకకు వేసినప్పుడు డైరీలో నిన్ను రెండు పేజీలు తిట్టాను. ఈ పొద్దు చూస్తే అదే గడ్డకు మళ్లీ మొలక వచ్చింది, పక్కనే ఇంకో రెండు! క్యాను ప్లాస్టిక్కు గోడలోంచి అడుగున చూడు, దారానికి గుచ్చినట్టు పదకొండు గడ్డలు కనిపిస్తాయి. నేను నాటింది ఒక్కటే.

"దీని దుంప తెగ, పైన పీకితే కింద పిల్లల్ని పెడతాది" అని శెనక్కాయల చేలో నువ్వు అంటావు కదా, మొదటి ముక్క వదిలేసి అదే క్లాసులో చెప్పాను.

"ఇది ఏ పుస్తకంలో చదివినావే?" అన్నారు మేడమ్.

"మా నాయన తిట్లలో ఇన్న్యా మేడమ్" అనేశాను. క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వాను.

రూప

ఇంకొకటి. నాలుగింటికి చేలోకి వెళ్లిపోవద్దు. మేడమ్ ముందు నాకు నోరు పెగలకపోతే, నువ్వు వచ్చి తుంగను కాసేపు తిట్టు.