జెల్లీ గడ్డకు నీ పేరు

తమ్మీ మల్లేశా,

ఇది రాయకున్నా నడుస్తదనుకున్న. నువ్వు సదివేది లేదు గదా. కానీ ఇయ్యాలటి సంగతి నీకు చెప్పకుంటే ఛాయ్ గొంతు దిగుతలేదు. అలియాబాద్ హోటల్ ఛాయే, నీకిష్టమైనదే. పాలు మస్తు పలసగైనయి. సరే, అది పక్కకువెట్టు.

నేనిప్పుడు మేడ్చల్ దిక్కు ఒక మెడికల్ కాలేజీల అటెండర్‌ను. డాక్టర్లు సూదితోని గడ్డల నుంచి పరీక్షకు ముక్క తీసుడు నేర్చుకునేటందుకు ఈడ ఒక జెల్లీ బొమ్మ ఉన్నది. దాని లోపల నిన్ను తీస్కపోయిన గా ప్రోస్టేట్ గడ్డ అసొంటిదే ఉంటది. నా నోరు ఊకుండదు గదా, ఓసారి నవ్వులాటకు దానికి నీ పేరు వెట్టిన. గీ రోగమని పెండ్లానికి సుత చెప్పుకోని సిగ్గరివి నువ్వు. ఇగ డాక్టర్లు రోజూ "మల్లేశ్‌ను పొడుద్దాం రండి" అంటరు. నేను గూడ నవ్విన.

ఇయ్యాల కౌకూర్ నుంచి నేర్చుకునేటందుకు వచ్చే డాక్టరమ్మ స్కానింగ్ తెర మీద తెల్లచుక్క చూసి, "సూది మొన ఇదే సార్" అన్నది.

"అది సూది నడిమి భాగమమ్మా. మొన ఎప్పుడో గడ్డ దాటి మూత్రసంచిల దిగింది" అన్నడు నేర్పే సారు. అందరు నవ్విన్రు.

నేను ఆగలేకపోయిన. "మెల్లగ బిడ్డా. మల్లేశ్ నా తమ్ముడు. గీ గడ్డతోనే పోయిండు."

ఆ పిల్ల సూది బయటికి తీసింది. మళ్ల గుచ్చేముందు బొమ్మ దిక్కు వంగి, "మల్లేశ్ గారూ, కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోండి" అన్నది.

ఈసారి మొన గడ్డలనే ఆగింది. నేను బొమ్మ మీద పూసిన స్కానింగ్ జెల్ తుడిచి, మూతవెట్టి, అల్మారిల వెట్టిన.