కాళ్ళు పట్టుకోమన్నది నేనే

సత్యవతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

ఇక్కడ గల్ఫులో, మిష్రిఫ్‌లో మనం మామా అని పిలిచే యజమానురాలు, నీ తర్వాత పనికొచ్చిన అమలాపురం పిల్ల దుర్గ మీద నిన్న గాజుల దొంగతనం కేసు పెట్టింది. అచ్చం నీ మీద పెట్టినట్టే. స్టేషనుకు రమ్మంటే, ఆ ఇంటి డ్రైవర్ని కదా, నేనే కారులో తీసుకెళ్ళాను.

"మామా కాళ్ళట్టుకుంటానన్నయ్యా, వదిలేత్తాది" అంది దారిలో.

కారు పక్కకు ఆపేశాను.

"పట్టుకోకు. తప్పయిపోయిందని అసలే అనకు. నేను తియ్యలేదని ఒక్క ముక్క చెప్పు. ఎంబసీ నుంచి తెలుగు మనిషి వచ్చేదాకా ఇంకేం మాటాడకు."

నీతో మాత్రం ఆనాడు, "తప్పు చేసినా చెయ్యకపోయినా కాళ్ళట్టుకుంటే పెద్దోళ్ళ కోపం చల్లారిపోద్దక్కా" అన్నాను. మన ఊళ్ళో అంతేగా. నువ్వు నమ్మి స్టేషనులో మామా కాళ్ళ మీదకు వంగావు. క్షమించమంటోందని పోలీసాయనకు అరబ్బీలో చెప్పిందీ నేనే. నేరం ఒప్పుకుందని ఆయన రాసేసుకున్నాడు. నిన్ను జైల్లో పెట్టి, ఆనక విమానం ఎక్కించేశారు. ఊళ్ళో దొంగ పేరుతోనే పోయావు.

నిన్న సాయంత్రానికి గాజులు మామా చెల్లెలింట్లో దొరికాయి. దుర్గను వదిలేశారు. స్టేషను బయట ఆ పిల్ల, "నీ పుణ్యమే అన్నయ్యా" అంటూ నా కాళ్ళ మీదకు వంగింది. నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాను.

పాపం, తనేం చేసిందో తెలియక బిక్కమొహం వేసి, "తప్పయిపోయిందన్నయ్యా" అంది.