ఊరికే ఇచ్చిన డబ్బా

ఎడిసన్,
ఫిబ్రవరి 16, 2025.

చిరంజీవి సౌభాగ్యవతి స్మృతికి,

అమ్మ మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. నువ్వు కులాసాగా లేవని తెలుసు కాబట్టి ఆ మాట అడగను. వారం నుంచి నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. అల్లుడు హర్షిత్ మాత్రం మనవరాలి ఫొటోలు పంపుతున్నాడు, పాపం, నీకు తెలియకుండానేమో! అందుకే ఈ ఉత్తరం. నీ ఆదివారం బడి తెలుగుకి అందని చోట హర్షిత్‌తో చదివించుకో.

నిన్నటి ఫొటోలో మీనా బుగ్గలు లోపలికి పోయాయి. డేకేర్‌లో రోజంతా ఊరి పిల్లలకి సీసాలు పట్టేదాన్ని, ఆకలిమొహం నాకు తెలియదా? బరువు తగ్గుతోందని, కొన్నాళ్ళు పోతపాలు కూడా పట్టమని డాక్టర్ చెప్పిందని హర్షిత్ అన్నాడు. అయినా నువ్వు డబ్బా ముట్టనంటున్నావట. ఎందుకో నాకు తెలుసులే. బాలింతలకి పాలపొడి డబ్బా ఊరికే ఇచ్చే పద్ధతిని మీ శాంటా క్లారా హాస్పిటల్లో మాన్పించిన నర్సువి నువ్వే. మీటింగుల్లో పోట్లాడి కంపెనీలవాళ్ళ సంచులు వెనక్కి పంపించావు. ఇప్పుడు అక్కడే కని, డబ్బా అడగాలంటే తోటి నర్సుల ముందు నామోషీ. నామోషీతో బిడ్డ కడుపు నిండుతుందటే?

ఆ రోజు ఫోన్‌లో నేనన్నదేమిటి? ఒక్క సీసా పట్టవే, అది పడుకుంటుంది, నువ్వూ కాస్త నడుం వాలుస్తావు అన్నాను. అంతే కదా! దానికి నువ్వు, యూ డోంట్ అండర్‌స్టాండ్ అమ్మా, నువ్వు నాకు ట్రై కూడా చేయలేదు, బాటిల్ ఇచ్చేశావ్ అన్నావు. మనవాళ్ళకి పాలు పడవని నువ్వే చెప్పావుగా, నాకూ అదే వచ్చింది అని ఏడ్చావు. టికెట్ బుక్ చేయొద్దు, వస్తే నువ్వు డబ్బాతోనే వస్తావ్ అని పెట్టేశావు. అబ్బ, ఎంత మాటన్నావే! చెంప మీద కొట్టినా అంత బాధ పడేదాన్ని కాదు.

నువ్వు పుట్టినప్పుడు నాన్నది కొత్త ఉద్యోగం, సెలవు లేదు. మీ అమ్మమ్మకి వీసా రాలేదు. హాస్పిటల్ గదిలో నేనూ నువ్వూ. నువ్వేమో గుక్కపట్టి ఏడుపు, నేను నీతో పోటీగా ఏడుపు. ఒక నర్సమ్మ నవ్వుకుంటూ వచ్చి నీ నోట్లో సీసా పెట్టింది. గటగటా తాగేసి పడుకున్నావు. ఆవిడ నా కంటికి దేవతలా కనిపించింది. ఇంటికి వచ్చేటప్పుడు సంచీ నిండా డబ్బాలు సర్ది ఇచ్చింది, ఊరికే. ఆ చేతిని నేను ఈనాటికీ తప్పు పట్టను. అలాంటి చెయ్యి ఇంకే తల్లికీ దొరక్కూడదని మీరు రూలు పెడితే మాత్రం ఒప్పుకోను. అడిగినవాళ్ళకి ఇవ్వండమ్మా. లెక్చర్ ఇవ్వకుండా ఇవ్వండి.

నా సూట్‌కేసు హాల్లోనే ఉంది. తెలగపిండి, మునగాకు పొడి, వెల్లుల్లి కారం, అన్నీ బాలింత తినేవే. పిలవని పేరంటానికి తయారయ్యావని నాన్న వెక్కిరిస్తున్నారు. వెక్కిరించనీ. మీనాని ఒళ్ళో పడుకోబెట్టుకుని నీకు వేడివేడిగా ముద్దలు కలిపి పెట్టాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. డేకేర్‌లో ఏ పసిబిడ్డని ఎత్తుకున్నా, మీనా కూడా ఇంతే బరువుంటుందా అనుకుంటున్నాను. అక్కడున్నది నా కూతురు, నా మనవరాలు. ఇక్కడ నేను ఎవరి పిల్లల్నో జోకొడుతున్నాను.

హర్షిత్‌కి ఆశీస్సులు. మీనాకి అరికాళ్ళ మీద ముద్దులు.

నీ పిలుపు కోసం కాచుకుని కూర్చున్న
అమ్మ,
చాముండేశ్వరి.

తా.క.: ఇక్కడి నుంచి హర్షిత్‌తో చదివించుకోకు. కూడబలుక్కునైనా సరే, నువ్వే చదువుకో.

నాకు పాలు పడలేదన్నది అబద్ధం. పడ్డాయి. ఇంటికి వచ్చాక, అడగడానికి ఏ నర్సూ లేనప్పుడు పడ్డాయి. గుండెలు బరువెక్కి జాకెట్టంతా తడిసిపోయింది. సంబరంగా నిన్ను ఒళ్ళోకి తీసుకున్నాను. అప్పటికే నువ్వు సీసాకి అలవాటు పడ్డావు. నోరు పెట్టకుండా ముఖం అటు తిప్పేసుకుని ఏడ్చావు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాను. పాలు కాస్త ఆలస్యంగా పడతాయని, సీసా పడుతూనే నీకు రొమ్ము అలవాటు చేయాలని నాకు చెప్పినవాళ్ళు లేరు. నొప్పికి జ్వరం వచ్చింది. మల్లెపూలు కట్టుకుంటే పాలు ఇంకిపోతాయని అమ్మమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎడిసన్ మంచులో మల్లెపూలెక్కడివి? అవీ అదే పని చేస్తాయని ఎదురింటి అమెరికా ఆవిడ క్యాబేజీ ఆకులు తెచ్చిచ్చింది. అవి కట్టుకుని, సీసా తాగుతున్న నిన్ను చూస్తూ కూర్చున్నాను. నా బిడ్డ నన్ను వద్దందని ఎవరికి చెప్పుకోను? పడలేదని చెప్పడమే తేలికైంది.

కాబట్టి నీ పోట్లాటలోనూ నిజం ఉంది. డబ్బా ఇచ్చిన మనిషి ఒక గంట నా పక్కన కూర్చుని ఉంటే ఎంత బాగుండేది! నా నుంచి నీకు పాలు పడని లోటేమీ రాలేదు తల్లీ. మీనాకి ముందు రొమ్ము అందించు, తర్వాత సీసా పట్టు. పక్కన నేను కూర్చుంటాను.

అప్పుడు పసిదానివి, తెలియక ముఖం తిప్పుకున్నావు. ఇప్పుడు తిప్పుకోకు. ఫోన్ ఎత్తు.