కోడలు పెట్టిన మందు

జూన్ 6, 2025

తేదీ వెయ్యి ఇందుజా. ముందు తేదీ, తరవాత మాట. మా చెరువులో ఎవరో మందు కొట్టి చేపలన్నీ తెల్లగా తేలిన ఏడు, కేసు పెట్టడానికి వెళితే స్టేషన్ రైటర్ యాకోబు అన్నాడు, తేదీ లేని మాట కేసులో నిలబడదండీ అని. నిలబడలేదు. ఈసారి నిలబడాలి.

నా పేరు వీరరాఘవమ్మ. మండవల్లి దాటాక కొల్లేటి గట్టున మా ఊరు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. రాసింది రాసినట్టు చదివి వినిపించాలి. ఒక్క మాట తగ్గినా చెవి మెలేస్తాను.

కేసు ఎవరి మీదంటే నా కోడలు రమ్యశ్రీ మీద. అంటే ఈ రాసే పిల్ల తల్లి మీద. రాయి. ఎందుకాగావు?

సంగతి ఇది. నా మెడ పక్కన గడ్డ లేచింది. నిమ్మకాయంత. నొప్పి లేదు. నా కొడుకు వీరేంద్ర ఏలూరులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఏం లేదమ్మా, గడ్డకి యాంటీబయోటిక్ ఎక్కిస్తారు అన్నాడు. మొన్న ఎక్కించారు. చెరువులో కర్ర పాతి తవుడు సంచి కట్టి చేపలకి మేత పెడతాం చూడు, అచ్చం అలాగే కర్రకి సంచి కట్టారు. నడుమ నర్సు సూదిగొట్టంతో ఎర్ర మందు ఒకటి నెమ్మదిగా తోసింది. దానిమ్మ రసంలా ఉంది. ఇంటికొచ్చి పాసు పోస్తే అదే రంగు. రక్తమనుకుని అరిచాను. రమ్యశ్రీ పరుగెత్తుకొచ్చి, భయపడకండి అత్తయ్యగారూ, అది మందు రంగేనండి అంది. చూడకుండానే చెప్పింది. దానికెలా తెలుసు?

ఇది మొదటి సాక్ష్యం.

జూన్ 11

నోట్లో ఏం పెట్టినా ఇనుప గరిట నాకినట్టుంది. వండింది రమ్యశ్రీ.

జూన్ 21

దిండు నిండా జుట్టు. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేస్తోంది.

పక్కింటి వెంకటనరసమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. ఎవరైనా మందు పెడితేనే ఇలా ఊడుతుంది వదినా, మీ కోడలిది తాడేపల్లిగూడెం కదూ అంది. తాడేపల్లిగూడేనికీ మందు పెట్టడానికీ ఏమిటి సంబంధమని నేను అడగలేదు. అడిగితే మాటలో పస పోతుంది.

ఇందుజ తెల్లమొహం వేసింది. చదువుకున్న పిల్ల కదా, తెలీదు. బతికించేదీ మందే, చెరువులో కొట్టేదీ మందే. మొగుణ్ణి కొంగున కట్టుకోడానికో, అత్త పీడ వదిలించుకోడానికో అన్నంలో కలిపేదీ మందే. అది పడిన మనిషి కొంచెం కొంచెంగా ఎండిపోతుంది. నేను ఎండిపోతున్నాను.

జూన్ 23

వీరేంద్ర ద్వారకా తిరుమల తీసుకెళ్ళాడు. జుట్టు ఊడుతోందంటే స్వామి అడుగుతున్నట్టేనమ్మా, ఇచ్చేద్దాం అన్నాడు. ఏకాదశికి కోడి కోసుకు తిన్నవాడికి ఇంత భక్తి ఎప్పుడొచ్చిందో. గుండు చేయించుకున్నాను.

ఆసుపత్రిలో మందు ఎక్కించుకునే వాళ్ళవి కూడా చాలావరకు బోడిగుండ్లే. ఏలూరు వాళ్ళకి చిన్న తిరుపతి దగ్గర కదా, తెగ మొక్కుతారు కాబోలు అనుకున్నాను. నా పక్క కుర్చీలో షమీమ్ అని సాయిబుల ఆవిడ కూచుంది. ముసుగు జారినప్పుడు చూశాను. ఆవిడదీ గుండే. అప్పుడు కొంచెం ఆలోచనలో పడ్డాను. ఇంతలో సూది గుచ్చారు, మర్చిపోయాను.

జూన్ 25

రెండోసారి ఎక్కించారు. గడ్డ తడిమి చూశాను. చింతగింజంత కూడా లేదు.

జూలై 4

ఇవాళ్టి నుంచి నా కంచంలో మొదటి ముద్ద రమ్యశ్రీ తిని చూపించాలి. నా ఎదురుగా, మింగేదాకా. తింది. మాట్లాడకుండా తింది. తప్పు చెయ్యని మనిషయితే తిరగబడదూ?

నోరంతా పూసింది. చారు మంట పుట్టించింది. గిన్నె విసిరాను, దాని పాదం మీద పడింది. మధ్యాహ్నం అమ్మ ఏదని ఇందుజని అడిగితే, కాలికి మందు రాసుకుంటోంది నానమ్మా అంది. చూశావా, ఇంట్లో మందుందని నువ్వే ఒప్పుకున్నావు అన్నాను. ఏడ్చింది. అక్షరాలు తడిస్తే కేసు పోతుందని కసిరాను.

జూలై 16

మూడోసారి ఏలూరు వెళ్ళడానికి కారు తెప్పించారు. నేను ఎక్కలేదు.

వాళ్ళకి తెలిసిన సంగతే వాళ్ళకి చెప్పాను. శీలావతి చేపకి ఎర్రమచ్చలొస్తే మేతలో యాంటీబయోటిక్ కలుపుతాం. మచ్చలు పోయాయా, ఆపేస్తాం. ఇంకా పెడుతూ పోతే కొనేవాడు పరీక్ష చేసి లారీ వెనక్కి తిప్పుతాడు. నా గడ్డ పోయింది. ఇంకా ఎందుకు? నన్ను ఏ లారీ ఎక్కిద్దామని?

వీరేంద్ర నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. గట్టున పడేసిన చేపలాగ. రమ్యశ్రీ నా కాళ్ళు పట్టుకుంది. ఆపకూడదండి అత్తయ్యగారూ, మీకు దండం పెడతాను, ఆపకూడదండి అంది. ఎందుకాపకూడదో చెప్పవే అన్నాను. మొగుడి వంక చూసింది. వాడు గోడ వంక చూశాడు. కాళ్ళు విదిల్చాను. దాని పెదవి చిట్లింది.

అత్తకి మందు ఆపొద్దని కోడలు ఏడవడం లోకంలో ఎక్కడైనా ఉందా? రాయి, ఇది పెద్ద సాక్ష్యం. ఏడుపు చూసి మోసపోవద్దని కూడా రాయి. దాని పుట్టింటి వాళ్ళది ఉల్లిపాయల వ్యాపారం.

జూలై 27

గుండు చేయించి నెల దాటింది. ఒక్క వెంట్రుక మొలవలేదు. స్వామి తీసుకున్నది జుట్టా, కుదుళ్ళా?

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. రమ్యశ్రీ కోడి కూయకముందే లేచి వండింది. కలశం పెట్టింది. వీధంతా తిరిగి ముత్తైదువల్ని పేరు పేరునా పిలిచొచ్చింది.

నేను అరుగు మీద కుర్చీ వేయించుకుని కూచున్నాను. వచ్చిన ప్రతి ఆవిడతోనూ ఒకటే మాట అన్నాను. వెళ్ళమ్మా, లోపలికెళ్ళి కడుపునిండా తిను, నేనూ దాని చేతి కూడే తిన్నాను. అని, తల మీద కొంగు తీసేదాన్ని. అంతే. ఒక్కరూ గడప దాటలేదు. వెంకటనరసమ్మ బొట్టు కూడా పెట్టించుకోకుండా, పొయ్యి మీద పాలు పెట్టొచ్చానమ్మా అని వెళ్ళిపోయింది.

దీపాలవేళ దాకా రమ్యశ్రీ పట్టుచీరలో కలశం ముందు కూచుంది. తరవాత బూరెలన్నీ తీసుకెళ్ళి చెరువులో పోసింది. చేపలు ఎగబడి తిన్నాయి. చేపలకేం కాలేదు నానమ్మా, అది కూడా రాయనా అంది ఇందుజ. పొగరు. సరే, రాయి.

ఆగస్టు 15

స్నానం చేస్తుంటే చంకలో చేతికి తగిలింది. మెడ దగ్గర కూడా. ఇది రాయొద్దు అన్నాను. రాసేసింది.

ఆగస్టు 19

మెడ దగ్గరిది జామకాయంత అయింది. చెమటకి చీర తడిసి పిండితే నీళ్ళు కారుతున్నాయి. ఇక ఆలస్యం కూడదు, రేపు కైకలూరు ప్లీడరు దగ్గరికి వెళదాం, మొదట్నుంచీ చదువు అన్నాను. చదివింది. బాగా వచ్చింది. ప్లీడరు కూడా అంత గట్టిగా రాయలేడు. చివరికొచ్చేసరికి నేను చెప్పని మాటలు వచ్చాయి. గొంతు మారలేదు. కేసు చదివినట్టే చదివింది.

నానమ్మకి వచ్చింది కేన్సర్. దాని పేరు లింఫోమా. చెబితే నానమ్మ అన్నం మానేసి చచ్చిపోతుందని నాన్న చెప్పనివ్వలేదు. అమ్మ చెబుదామంటే నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడు. ఎర్ర మందు నిజంగానే యాంటీబయోటిక్ జాతిదట. మట్టిలో బతికే కంటికి కనపడని జీవి నుంచి తీశారట. కానీ అది జ్వరాలకి కాదు, ఇలాంటి గడ్డలకే. అదొక్కటే చాలదు, ఇంకా నాలుగు రకాలు కలిపి ఆరుసార్లు ఇవ్వాలి. గడ్డ కనపడకుండా పోయినా ఇవ్వాలి. మధ్యలో ఆపితే లోపల మిగిలింది మళ్ళీ లేస్తుంది. ఎందుకు తీసుకురాలేదని డాక్టరుగారు ఫోన్లో అమ్మని తిట్టారు. అమ్మ పడింది.

ఏదీ, అక్కడ ఉందా, చూపించు అన్నాను. చూపించింది. నాకేం తెలుస్తుంది? నల్లగా ఉంది.

చెంప మీద కొట్టాను. మళ్ళీ చదువు అన్నాను. అదే చదివింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే చదివింది. ఒక్క మాట తగ్గలేదు.

ఆగస్టు 20

నన్ను మోసం చేసింది నా కొడుకు. కేసు వాడి మీదకి మార్చాలి. కానీ వాడు చిన్నప్పట్నుంచీ తట్టుకోలేడు. కోడలు తట్టుకుంటుంది. దాని మీదే ఉండనీ.

కారు తెప్పించరా, ఆ యాంటీబయోటిక్ ఏదో మిగిలిందన్నారుగా అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు తెలిసిపోయిందని చెప్పలేదు. అబద్ధం మోస్తున్నారుగా, ఇంకొన్నాళ్ళు మోయనీ. ఇందుజా, నువ్వు నోరెత్తావా, రెండో చెంప కూడా ఉంది నీకు.

ఆగస్టు 22

ఏలూరు. డాక్టరు గుమ్మం బయటికి తీసుకెళ్ళి వీరేంద్రతో అన్నాడు, ఈసారి మొండిగా లేచిందండి, లొంగుతుందో లేదో చెప్పలేం, అని. నా జుట్టు పోయింది గాని చెవులు పోలేదు. ఎర్ర మందు గుండె మీద పడుతుందట, అందుకని గుండెకి మళ్ళీ పరీక్ష చేశారు. గట్టిగానే ఉందండి మామ్మగారూ అన్నారు. అది మా కోడల్ని అడిగినా చెప్పేది.

షమీమ్ కుర్చీలో వేరెవరో ఉన్నారు. నేను అడగలేదు.

సాయంత్రం వాంతులు తగ్గాక రమ్యశ్రీ అన్నం కలుపుకొచ్చింది. అలవాటుగా మొదటి ముద్ద తను తింది. ఇక అక్కర్లేదని అనబోయి ఊరుకున్నాను. పుల్లలా అయిపోయింది. ఆ ముద్దయినా దాని కడుపులో పడుతోంది.

సెప్టెంబరు 12

కేసు మార్చాను. పాతది చింపకు, దాని కింద రాయి.

మా కోడలు రమ్యశ్రీ నాకు మందు పెడుతోంది. ఆపిందా, కేసు పెడతాను.

వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి? వేళ్ళు తిమ్మిరెక్కి ఆనడం తెలియట్లేదు. పడిందో లేదో నువ్వే చూసి చెప్పు.